ఆయాసమును దాచుకొనవద్దు – సైకిలు మిత్రబృందములకు ఒక వైద్యుని మనవి

ఆయుర్వేద సంహితలలో సైకిలు అను మాట ఉండుటకు వీలు లేదు. జర్మనీ దేశమున కార్ల్ ఫాన్ డ్రైస్ అను నాతడు 1817లో రెండు చక్రముల కొయ్యబండి నొకదానిని నడిపి చూపెను. దానికి పెడళ్ళు లేవు. పైన కూర్చుండి పాదములతో నేలను నెట్టుకొనుచు పోవలసినదే. నేడు మనమెరిగిన రూపమునకు దగ్గరి సైకిలు 1885లో ఇంగ్లండు నందు స్టార్లీ చేసిన రోవర్. మూడేండ్ల తరువాత డన్‌లప్ గాలి నింపిన టైరును వాడుకలోనికి తెచ్చుటతో ప్రయాణము సుఖమైనది. చరక, సుశ్రుత, వాగ్భటులకు తెలియని వస్తువిది. అయినను వ్యాయామమును గూర్చి వారు చెప్పిన మాటలు, దండీలు బస్కీలు తీయువారికంటెను గుంపుగా సైకిలు త్రొక్కువారికే ఎక్కువ అవసరమని నాకు తోచుచున్నది. కారణము ముందు చెప్పెదను.

కొన్నేండ్లుగా మా బందరులో తెల్లవారుజామున కోనేరు సెంటరు దగ్గర ఒక దృశ్యము కనబడుచున్నది. తలకు హెల్మెట్టు, ఒంటికి బిగుతైన రంగుల చొక్కా, చేతికి గుండె వేగమును లెక్కించెడి గడియారము ధరించి పదిమంది, పన్నెండుమంది మిత్రులు గేర్ల సైకిళ్ళతో అక్కడ చేరుకొందురు. బ్యాంకు ఉద్యోగి, మందుల దుకాణదారుడు, విశ్రాంత అధ్యాపకుడు, బట్టల వ్యాపారి, ఎవరి వృత్తి వారిది. ఆదివారము మంగినపూడి బీచికో, పెడన మీదుగా గుడివాడ వైపునకో, చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమకో పోయి ఎండ ముదరక మునుపే తిరిగివత్తురు. గేర్లు లేని నా పాత సైకిలుపై వీరి వెనుక నేనును పోవుట కలదు. వైద్యుడు వెంటనుండుట వారికి ధైర్యము. రోగులు కాకముందే మనుష్యులను చూడగలుగుట నాకు లాభము.

మా చిన్నతనమున సైకిలు వ్యాయామ సాధనము కాదు, బ్రతుకుతెరువు. పాలబిందెలు, చేపల గంపలు, పెడన అద్దకపు బట్టల మూటలు సైకిళ్ళమీదనే ఊరూర తిరిగెడివి. గంట కింత అని అద్దెకిచ్చెడి సైకిలు షాపు ప్రతి సెంటరులోను ఉండెడిది. స్కూటర్లు, మోటారు సైకిళ్ళు వచ్చిన పిమ్మట అవి పెరటి గోడలకు చేరి తుప్పుపట్టినవి. మనలో అనేకులు నేర్చుకొన్న అట్లాస్ సైకిలు కంపెనీకి సాహిబాబాదులో ఉండిన కర్మాగారము 2020 జూన్ 3న మూతపడినది. ఆ దినము ప్రపంచ సైకిలు దినోత్సవమగుట విధి వైపరీత్యము. ఒకవైపు పేదవాని సైకిలు తయారగుట ఆగిపోవుచుండగా, మరొకవైపు కలవారి సైకిలు వీధిలోనికి వచ్చినది. మంచిదే. ఏ రూపమున వచ్చినను రావలసినదే వచ్చినది.

సగము బలము అనగా ఎంత?

వ్యాయామము వలన శరీరమునకు లాఘవము, పని చేయు సామర్థ్యము, జఠరాగ్నికి దీప్తి, అవయవములకు పొందిక కలుగుననియు, మేదస్సు కరుగుననియు అష్టాంగహృదయము దినచర్యాధ్యాయమున వాగ్భటుడు చెప్పియున్నాడు. ఈ ఫలములన్నియు సైకిలు వలన లభించును. పైగా శరీరపు బరువును సీటు మోయుచున్నందున మోకాళ్ళకు భారము తగ్గును. నడచుటయే కష్టమైన స్థూలకాయులను సైకిలు ఎక్కించి, ఆరు మాసములలో నడిపించిన సందర్భములు నా అనుభవమున కలవు.

అయితే ఫలము చెప్పిన చోటనే శాస్త్రము హద్దును కూడ చెప్పినది. బలవంతుడు, నేయి నూనెలతో కూడిన మంచి ఆహారము తినువాడు సైతము చలికాలమునందును వసంతమునందును తన శక్తిలో సగము మాత్రమే వ్యాయామమునకు వినియోగింపవలెను. తక్కిన ఋతువులలో అంతకంటెను తక్కువ. మన కోస్తాలో వైశాఖమాసము పేరునకు మాత్రమే వసంతము. ఆ ఎండను గ్రీష్మముగనే లెక్కింపవలెను. కార్తికము నుండి ఫాల్గుణము వరకు మాకు సైకిలు కాలము.

సగము బలమును కొలుచుట ఎట్లు? సుశ్రుతుడు చికిత్సాస్థానము 24వ అధ్యాయమున దీనికి గుర్తు చెప్పినాడు. హృదయస్థానమందుండవలసిన వాయువు నోటికి వచ్చినచో సగము బలము ఖర్చైనదని గ్రహింపవలెను. అనగా అంతవరకు ముక్కుతో హాయిగా సాగుచుండిన శ్వాసను నోరు తెరచి తీయవలసివచ్చిన క్షణమే హద్దు. నుదుటను, ముక్కుపైనను, చంకలలోను, కీళ్ళయందును చెమట పుట్టుట, నోరెండుట తక్కిన గుర్తులు.

మా గురుకులమున గుండె వేగము చూపెడి గడియారములు లేవు. మూలికల కొరకు కాలువగట్ల వెంట గురువుగారు వడివడిగా నడచుచుండగా, వెనుక మేము ఆనాటి పాఠమును బిగ్గరగా వల్లించుచు నడువవలెను. ఎవరి గొంతులోనైన పాఠము మధ్యలో తెగినచో ఆయన వెనుదిరిగి చూడకయే నిలిచిపోయెడివారు. "ఊపిరి చదువును మింగేసిందిరా, కాసేపు కూర్చోండి" అనెడివారు. పన్నెండేండ్ల వయసున అది మాకు విశ్రాంతి దొరకు ఉపాయముగా మాత్రమే తోచెడిది. కావలెనని పాఠము తెంపినవారును ఉండిరి. నేటి వ్యాయామ శాస్త్రజ్ఞులును ఇదే పరీక్షను చెప్పుచున్నారు. మాటలాడగలిగి పాట పాడలేనంత శ్రమ మధ్యరకమైనది. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకొనవలసివచ్చినచో అది తీవ్రమైనది.

ఒంటరిగా త్రొక్కువానికి ఈ పరీక్ష అమరదు. ఎవరితో మాటలాడును? అందువలన మిత్రులతో కలిసి సైకిలు త్రొక్కుట మంచిదని నేను చెప్పుదును. పక్కవాడు మనకు కాలక్షేపము మాత్రమే కాడు, కొలబద్ద. చిత్రమేమనగా, ఆ మిత్రుడే ప్రమాదమునకును కారణము కాగలడు. తోడివాని ఎదుట చులకనగుట ఇష్టము లేక మనిషి తన ఆయాసమును దాచుకొనును.

పదమూడవ వేగము

చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయము నవేగాంధారణీయము. శరీరమున పుట్టు ప్రకృతి వేగములను బలవంతముగా ఆపరాదని దాని భావము. మూత్రము, మలము, తుమ్ము, త్రేన్పు, ఆవలింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర మొదలైనవి అందరెరిగినవే. మొత్తము పదమూడు. వానిలో చివరిది శ్రమ వలన పుట్టిన నిశ్శ్వాసము, అనగా ఆయాసము. దానిని ఆపినచో గుల్మము, హృద్రోగము, మూర్ఛ కలుగునని ఆచార్యుడు హెచ్చరించి, విశ్రాంతియు వాతహరమైన ఉపచారములును చికిత్సగా విధించినాడు. వ్యాయామ ప్రకరణము కూడ ఈ అధ్యాయముననే ఉన్నది. ఇది కాకతాళీయమని నేననుకొనను.

చదువుకొను దినములలో ఈ పదమూడవది నాకు విచిత్రముగా తోచెడిది. మలమూత్రములను ఆపుకొనువారిని చూచియున్నాము. ఆయాసము నెవడు ఆపుకొనును? ఇప్పుడు ప్రతి ఆదివారము చూచుచున్నాను. ముందు పోవువాడు వెనుదిరిగి, "ఏం బావగారూ, బాగానే ఉందా?" అని అడిగినప్పుడు వెనుకవాడు నోరు మూసికొని, పొట్ట బిగబట్టి, చేయి మాత్రము ఊపును. నోరు తెరచినచో గుట్టు బయటపడునని భయము. టీ దుకాణము దగ్గర ఆగినప్పుడు ఒకడు సీసామూత ఎంతకును రానట్లు త్రిప్పుచుండును. మరొకడు ఫోను చూచుచుండును. ఇవన్నియు ఊపిరి సర్దుకొనుటకు వేసెడి వేషములు.

ఆయాసమును ఆపినంత మాత్రమున గుండె నాళములలో అడ్డు పుట్టునని నేను చెప్పుట లేదు. ఆ అడ్డు మధుమేహము, పొగ, రక్తపోటు, కొవ్వు మున్నగు కారణములచే ఏండ్ల తరబడి పెరుగును. కాని దాని రాకను ముందుగా తెలుపు గంట ఆయాసము. గంటకు గుడ్డ చుట్టినవానికి హెచ్చరిక ఎట్లు వినబడును?

మార్గశిర మాసమున ఒక ఆదివారము జరిగినది చెప్పెదను. మిత్రులు తొమ్మిదిమంది బందరు నుండి అవనిగడ్డకు బయలుదేరిరి. చల్లపల్లి ఇంకను కొంత దూరమున్నదనగా వయసులో చిన్నవారైన ఇద్దరు పందెము వేసికొని ముందునకు దూకిరి. యాభై ఎనిమిదేండ్ల అధ్యాపక మిత్రుడొకడు వారి వెంటబడినాడు. నేను చేరుకొనునప్పటికి ఆ ఇద్దరు టీ త్రాగుచు నవ్వుకొనుచున్నారు. మాస్టారు మాత్రము కాలువ వైపు తిరిగి, సైకిలు గొలుసును పరీక్షించుచున్నట్లు వంగియున్నాడు. గొలుసు చక్కగనే ఉన్నది.

"ఏమండీ మాస్టారూ, గొలుసు ఊడిందా?" అంటిని.

"లేదండీ. నూనె వెయ్యాలేమో అని" అనుటకే ఆయనకు రెండు ఊపిరులు కావలసివచ్చినవి.

చలిగాలిలో ఆయన నుదుట చెమట. చేయి పట్టుకొంటిని, చల్లగానున్నది, నాడి సక్రమముగా లేదు. దవడ నొక్కుకొనుచున్నాడు. అడిగినచో, "పంటి నొప్పండీ. రాత్రి నుంచి ఉంది" అనెను. నా సంచిలో మందులున్నవి; దానిని నేను విప్పలేదు. ఇది చూర్ణములకును లేహ్యములకును అదను కాదు. ఆయనను కూర్చుండబెట్టి, బిగుతు చొక్కా వదులుచేయించి, దారిన వచ్చిన కారు ఆపి ఆసుపత్రికి చేర్చితిమి. ఇ.సి.జి. తీయగా గుండెపోటని తేలినది. ఆ దినముననే పెద్ద ఆసుపత్రిలో నాళము తెరచి స్టెంటు వేసిరి. సకాలమున వచ్చుటచే గుండె కండరము చాలవరకు దక్కినదని అక్కడి వైద్యులు చెప్పిరి.

మరునాడు చూడబోయినప్పుడు ఆయన భార్య చెప్పిన మాట నేను మరువలేను. "రెండు నెలల్నుంచీ మేడ మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడుతున్నారండీ. ఎవరినో చూస్తున్నారనుకున్నాను."

ఈ పత్రికను చదువు గృహిణులకు నా మనవి ఇదియే. మీ ఇంటి యజమాని మెట్లమీద ఆగి కిటికీలోనుండి ఏమి చూచుచున్నాడో ఒకసారి విచారింపుడు. మునుపు లేని ఆయాసము, శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గు ఛాతి బిగువు, ఎడమ చేయి, దవడ, వీపులలో నొప్పి, కారణము లేని చెమట కనబడినచో వాయువని, అజీర్ణమని వాము నములుచు కూర్చుండరాదు. అప్పుడే ఆరంభమై తగ్గనిదైనచో వెంటనే 108కు ఫోను చేయవలెను. స్త్రీలలో ఈ గుర్తులు ఇంకను అస్పష్టముగా ఉండవచ్చును. కేవలము అలసట, వికారము, ఊపిరి చాలకపోవుట మాత్రమే కనబడవచ్చును. నలుబదియేండ్లు దాటి క్రొత్తగా సైకిలు పందెములకు దిగదలచువారు ముందుగా రక్తపోటు, చక్కెర, గుండె పరీక్షలు చేయించుకొనుట ఆయుర్వేదమునకు విరుద్ధము కాదు. రోగిని పరీక్షించిన పిమ్మటనే చికిత్స అని మన శాస్త్రమే చెప్పుచున్నది.

గాలియే మాకు కొండ

పొరుగూరి సైకిలువారు వచ్చినప్పుడు, "మీదంతా సమతలమే కదండీ, హాయి" అందురు. నిజమే, డెల్టాలో కొండ లేదు. బందరు నుండి నాగాయలంక వరకు పోయినను ఎక్కవలసినవి వంతెనలు మాత్రమే. కాని ఇక్కడి గాలి తెలియనివారి మాట అది. శీతకాలమున వేకువ గాలి తరచుగా నేలవైపు నుండి సముద్రమునకు వీచును. మంగినపూడి వైపు పోవునప్పుడు అది వీపున తోయును. కాళ్ళు తేలికయగును. ఆ వేగము తన బలమేనని మనిషి భ్రమపడును. సరుగుడు తోటలు దాటి సముద్రమును చూచి వెనుకకు తిరిగిన తరువాత అదే గాలి ముఖమునకు ఎదురగును. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగు రెట్లగును. అందుచేత ఎదురుగాలిలో పోయినప్పటి వేగమును నిలుపుకొనవలెనని పట్టుబట్టువాడు, తెలియకయే సగము బలమును దాటి ముప్పాతికలోనికి పోవును. ప్రొద్దెక్కిన తరువాత దిక్కు మారి సముద్రపు గాలి బయలుదేరును. ఈ సంగతి పల్లెకారులకు తెలిసినంత మన ఉద్యోగులకు తెలియదు.

ఇక్కడ గుంపు యొక్క రెండవ ప్రయోజనము కలదు. ముందువాని వెనుక దగ్గరగా త్రొక్కువానికి, వేగముగా పోవునప్పుడు, సుమారు నాలుగవ వంతు శ్రమ తగ్గును. కైకలూరు దగ్గర ఆటపాకలో కొల్లేటి గూడబాతులను చూచినవారికి ఇది క్రొత్త కాదు. అవి ఒకదాని వెనుక ఒకటి ఏటవాలు వరుసలో ఎగురును. గుంపుగా ఎగురు గూడబాతుల గుండె, ఒంటరిగా ఎగురుదాని గుండెకంటె నెమ్మదిగా కొట్టుకొనునని ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కొలిచి 2001లో నేచర్ పత్రికలో ప్రకటించిరి. మా బృందమున ఇప్పుడొక కట్టుబాటు కలదు. ముందున్నవానిని వెనుకవారు పిలిచి ఏదైన ఒక ప్రశ్న వేయుదురు. పూర్తి వాక్యముతో సమాధానము రాకున్నచో అతడు పక్కకు తప్పుకొని వరుస చివరకు పోవలెను. అవమానము లేదు, వాదము లేదు. చేయి ఊపుట సమాధానముగా చెల్లదు. ఈ కట్టుబాటును పెట్టినది ఆ అధ్యాపక మిత్రుడే.

దారిని గూర్చియు ఒక మాట. మాసూళ్ళ కాలమున మా రోడ్లపై ధాన్యము ఆరబోయుదురు. గింజలపై టైరు జారును. చీకటిలో గడ్డి ట్రాక్టర్లకు వెనుక దీపముండదు. చేపల చెరువులకు పోవు లారీల నుండి కారిన నీరు మలుపులలో పాచిపట్టి ఉండును. వేకువన త్రొక్కువారు ముందు వెనుక దీపములు లేకుండ బయలుదేరరాదు. హైదరాబాదులో వలయ రహదారి పక్కన 2023 అక్టోబరులో సౌరఫలకముల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసిరి. మనకట్టి భాగ్యము లేదు, కాలువగట్లున్నవి, చాలును.

పందెమును గూర్చి

పందెము వద్దని చెప్పుటకు నేను పూనుకొనలేదు. మగవారు నలుగురు సైకిళ్ళెక్కినచో అయిదవ నిమిషమున పందెము పుట్టును. అది ఆగదు. ఎట్టి పందెమో ఎంచుకొనుట మాత్రము మన చేతిలో ఉన్నది.

మా బాల్యమున ఈ ఊళ్ళకు సైకిలు ప్రదర్శకులు వచ్చెడివారు. ఊరి నడుమ గుంజ పాతి, దాని చుట్టు మూడు, ఏడు దినముల పాటు సైకిలు దిగకుండ తిరిగెడివారు. స్నానము, భోజనము, క్షౌరము సైకిలుమీదనే. మైకులో పాటలు, చొక్కాకు గుచ్చిన రూపాయి నోట్లు. మేము బడి ఎగ్గొట్టి చూచెడివారము. పొట్టకూటి కొరకు వారు పడిన ఆ కష్టమును నేను తక్కువ చేయను. కాని పొట్ట నిండినవారు దానిని సరదాకు అనుకరింపరాదు. అతివ్యాయామము వలన తృష్ణ, క్షయము, ప్రతమక శ్వాసము, రక్తపిత్తము, కాసము, జ్వరము, వమనము కలుగునని వాగ్భటుడు లెక్కించి చెప్పెను.

పెద్ద పందెములలో నొకదానిని చూడుడు. 1967 జూలై 13న టూర్ ద ఫ్రాన్స్ పందెమున ఇంగ్లండు వీరుడు టామ్ సింప్సన్ మండుటెండలో మోఁ వాంటూ కొండ నెక్కుచు పడిపోయెను. మరల సైకిలు ఎక్కించిరి. మరికొంత దూరము పోయి మరల పడి మరణించెను. వయసు 29 ఏండ్లు. ఆతని శరీరమున ఆంఫెటమీన్ అను ఉత్తేజకమును, మద్యమును ఉన్నట్లు పరీక్షలో తేలినది. ఆ మందు బలమును ఇచ్చునది కాదు, అలసటను తెలియనీయనిది. ఆయాసమను గంటను మందుతో మూసివేసిన కథ ఇది. నేడు పందెమునకు ముందు నొప్పి మాత్ర మ్రింగువారు, అంగడిలో దొరకు ‘శక్తి’ పొడులను పేరు చూడక నీటిలో కలుపుకొనువారు ఈ సంగతిని ఆలోచింపవలెను. ఆయుర్వేదపు ముద్ర ఉన్నంత మాత్రమున డబ్బాలోని ప్రతి పొడియు మంచిది కాదు. రోజూ నాలుగు పూటల తినుచున్న బందరు గృహస్థునకు అశ్వగంధ లేకున్నను సైకిలు కదలును.

ఫ్రాన్సు దేశమువారే దీనికి విరుగుడును కనిపెట్టిరి. పారిస్ నుండి బ్రెస్ట్ వరకు పోయి తిరిగివచ్చు సుమారు 1200 కిలోమీటర్ల యాత్ర 1891లో పందెముగా మొదలై, నేడు నాలుగేండ్ల కొకసారి ఔత్సాహికుల యాత్రగా సాగుచున్నది. గడువు 90 గంటలు. దానికి అర్హత నిచ్చెడి చిన్న యాత్రలను బ్రెవె అందురు: 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. మన దేశమున ఆడాక్స్ ఇండియా వారు వీనిని నడుపుచున్నారు. వీనిలో మొదటి బహుమతి లేదు. గడువులో వచ్చినవారందరును సమానులే. నాకు మిక్కిలి నచ్చిన నియమము మరొకటి కలదు. దారిలోని తనిఖీ చోట్లకు ఆలస్యముగా వచ్చుట తప్పైనట్లే, మరీ ముందుగా వచ్చుటయు చెల్లదు; తెరచు వేళ వరకు వేచియుండవలెను. హీనమునకును అతికిని రెండు వైపుల గడి వేసిన ఈ పద్ధతి వాగ్భటునకు తెలిసినచో సంతోషించియుండును.

మా మిత్రులకు నేను సూచించినది ఇంకను సులభమైనది, మన బడులలో సంక్రాంతికి ఆడెడి నిదానపు సైకిలు పందెము. కాలు నేల మోపరాదు, గీత దాటరాదు, చివరకు చేరినవానిదే గెలుపు. ఇరువది గజములు త్రొక్కుటకు రెండు నిమిషములు పట్టించువాని తొడలు, నడుము, చూపు, మనస్సు ఎట్లు పనిచేయునో త్రొక్కి చూచిన తెలియును. వయసుతో క్షీణించు తూకమును నిలుపుటకు ఇది చక్కని సాధన. వైద్యుల అనుమతితో ఆరు మాసములకు మరల సైకిలెక్కిన మాస్టారు కిందటి సంక్రాంతికి ఇందులో గెలిచి, గుడివాడ నుండి వచ్చిన కుర్రవాండ్రను ఉడికించినాడు.

ఇంటిలో చేయదగినవి

సైకిలు వ్యాధులలో సగము సీటు వలన వచ్చునవే. పెడలు అడుగునకు పోయినప్పుడు దానిపై మడమ నుంచినచో కాలు చక్కగా చాచుకొనవలెను. అది సరియైన ఎత్తు. సీటు పల్లమైనచో మోకాలి ముందు భాగము నొచ్చును. మరీ ఎత్తైనచో తుంటి ఇటునటు ఊగి నడుము పట్టును. కూర్చుండు చోట తిమ్మిరి పట్టినచో సీటు ముక్కును కొంచెము దించి, నడుమ నడుమ లేచి నిలబడి త్రొక్కవలెను. తగ్గకున్నచో సిగ్గుపడక వైద్యునకు చూపవలెను. ఒరిపిడికి కొబ్బరినూనె గాని, నూరుసార్లు నీటితో కడిగిన నేయి గాని రాత్రివేళ పూయవచ్చును. చీము పట్టినదానికి ఈ ఉపాయము చాలదు.

వచ్చిన వెంటనే స్నానమునకు పోరాదు. చెమట ఆరి శ్వాస కుదుటపడిన తరువాత గోరువెచ్చని నువ్వులనూనెతో పిక్కలు, తొడలు, నడుము మృదువుగా మర్దించి, అరగంట ఆగి సున్నిపిండితో వెచ్చని నీళ్ళ స్నానము చేసినచో శ్రమజన్యమైన వాతము శమించును. కండరముల పట్టుకు వావిలాకు వేసి కాచిన నీటితో కాపడము మేలు. వాచిన కీలును, పడి దెబ్బ తగిలిన చోటును మర్దింపరాదు.

అలసిన వెంటనే భోజనము తగదు. మా బృందము ఇరువది కిలోమీటర్లు త్రొక్కి హోటలులో నేతి పెసరట్టు ఉప్మా, ఆపై పూరీ తినివచ్చిన దినములు కలవు. ఆరు మాసములు ఇట్లు చేసి, "బరువు తగ్గలేదేమండీ వైద్యులుగారూ?" అని నన్నడిగిరి! బయలుదేరుటకు ముందు ఒక అరటిపండు, నాలుగు ఖర్జూరములు చాలును. గంటకు మించి త్రొక్కువారు పానకము తీసుకొనిపోవలెను: లీటరు నీటికి 60 గ్రాముల పాత బెల్లము, చిటికెడు ఉప్పు, కొద్దిగా శొంఠి, రెండు ఏలకులు. శ్రీరామనవమి పానకమంత చిక్కన పనికిరాదు. మధుమేహమునకు మందులు వాడువారు మాత్రము తమ వైద్యుని అడుగక దీనిని త్రాగరాదు. తిరిగివచ్చిన పిమ్మట జీలకర్ర, ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ గాని, కొబ్బరిబొండము గాని హితము. రక్తపోటు, మూత్రపిండ వ్యాధులున్నవారు ఉప్పును, బొండమును వైద్యుని అనుమతితోనే పుచ్చుకొనవలెను.

మా తీరమున గాలిలో తేమ ఎక్కువ. చెమట కారునేగాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. చైత్రము దాటిన తరువాత ఉదయము ఏడు గంటలకెల్ల ఇల్లు చేరవలెను. రోహిణి కార్తెలో సైకిళ్ళు గోడకు చేరవేసి ఉంచుటయే మేలు. వరుసలో ఎవరికైన మాట తడబడి, అడిగినదానికి పొంతన లేని సమాధానము వచ్చి, ఒళ్ళు కాలుచున్నచో అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, తలనుండి పాదముల వరకు నీళ్ళు పోసి విసరుచు, 108 వచ్చువరకు ఆపరాదు. స్పృహ సరిగా లేనివాని నోట నీరు పోయరాదు.